సన్నకొమ్ము, మొద్దుకొమ్ము

మారెక్క మొగుడికి బువ్వ పెట్టడం లేదని ఓబుళమ్మ అన్నదట. ఓబుళమ్మ అలా అన్నదని కొళాయి దగ్గర లింగమ్మ అన్నదట. లింగమ్మ మాట కంపలకుంటలో బస్సెక్కి, కళ్యాణదుర్గంలో బస్సు మారి, అనంతపురంలో ఆకుకూరలమ్మే తిప్పక్క గంపలో కూర్చుని, ఒక శనివారం పొద్దున చుక్కకూర కట్టతో పాటు గంగరత్న గుమ్మంలో దిగింది.

"నేనన్న మాట కాదు మ్మా," అంది తిప్పక్క గంప దించి. "ఓబుళమ్మ రొండు కండ్లతో సూసిందంట. మీ వదిన సంగటి ముద్ద ఎత్తి కుక్కకేసిందంట. మీయన్న పక్కనే కూసోని ఆ కుక్క తింటాంటే సూస్తాండాడంట. అంత మనిషి పుల్ల మాదిరి అయినాడంట. నువ్వు సదువుకున్నదానివి, ఒగ మాట అడగరాదూ?"

"అడుగుతాలే తిప్పక్కా."

"అడుగు. నేను సెప్పినానని మాత్రం అనగాకు."

ఆ ముద్ద కుక్క నోటికి ఎందుకు పోయిందో కంపలకుంటలో ఎవరికీ అంతుబట్టదు. గంగరత్నకు తెలుసు. ఏడు నెలల కిందట ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకుని, మందు పరీక్షకు ఒప్పుకున్న పన్నెండు మందిలో ఒకడైన అన్న ఎర్రిస్వామిని కుర్చీలో కూర్చోబెట్టి, నాలుక ఎత్తమని, దాని కింద ఒకే ఒక్క చుక్క వేసింది ఆమే. ఆ చుక్కకు పెట్టిన పేరు నిబ్బరం. వేసుకుంటే నలభై రోజులు ఆకలి వేయదు. నలభై రోజుల తర్వాత మళ్ళీ ఆకలి వేయాలి. ఎర్రిస్వామికి రెండువందల పది రోజులు దాటినా వేయలేదు.

చుక్కకు మూలం ఒక కొండమొక్క. అనంతపురం గుట్టల్లో, గడ్డి కూడా నిలవని చోట, ముళ్ళపొదల నీడన పుడుతుంది. ఆకు ఉండదు, గిల్లితే పాలు కారవు. ఉన్నదంతా పచ్చని కండ, లోపల నీరు. పగలంతా ఊపిరి బిగబట్టి, పొద్దు గూకాక వదిలే జాతి అది. కాపరులు కొమ్ములంటారు. వాటిలో రెండు రకాలు, ఒక కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళంత దగ్గరివి. సన్నకొమ్ము మొదట్లో వేలంత ఉండి, పైకి పోనుపోను ఎలుకతోకలా సన్నబడుతుంది. పూలు ఒక్కొక్కటిగా తలవంచుకుని పూస్తాయి. నమిలితే ఉప్పగా, కాస్త పుల్లగా ఉంటుంది. మొద్దుకొమ్ము కింది నుంచి పై దాకా ఒకే లావు, నాలుగు పలకలు, కొస కోసేసినట్టు మొండిగా ఉంటుంది. పూలు నల్లెర్రగా బంతిలా గుత్తి కట్టి, చచ్చిన ఎలుక కంపు కొడతాయి. నమిలితే చేదు గొంతు దాకా దిగుతుంది.

మొలకలుగా ఉన్నప్పుడు ఈ రెంటినీ విడదీయడం పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకే కష్టం. గంగరత్న గొర్రెలు కాసే కురుబల బిడ్డ, వేలితో తడిమి చెప్పగలదు. ఆ తెలివితోనే డాక్టరేటు తెచ్చుకుంది. ఆమె రాసిన గ్రంథంలో సన్నకొమ్ముకు నూట ఎనభై పేజీలు. మొద్దుకొమ్ముకు నాలుగు ముక్కలు. చేదు. దుర్వాసన. ఉపయోగం కనబడలేదు. సన్నకొమ్ములో కల్తీగా కలుస్తుంది కనుక ఏరివేయాలి.

ఆ శనివారం ప్రయోగశాలకు పోయేసరికి అన్న రక్తపరీక్ష కాగితం బల్ల మీద ఉంది. ప్రయోగశాల పెద్ద డాక్టర్ వకుళ అప్పటికే చూసినట్టుంది, ఒంట్లో చుక్క ఇంకా ఎంత మిగిలిందో చెప్పే అంకె చుట్టూ ఎర్రగా గీసి ఉంది.

వకుళ మంచి మనిషే. ఆమె తండ్రి పల్లెటూరి బడిలో మాస్టరు. పొద్దున ప్రార్థనలో నిలబడ్డ పిల్లలు ఆకలికి కళ్ళు తిరిగి పడిపోతుంటే చూస్తూ పెరిగింది. ఆకలిని మనిషి నుంచి విడదీయాలని ఆమెకు అప్పుడు పట్టిన పంతం యాభై ఏళ్ళయినా వదల్లేదు. తను మాత్రం పొద్దున అరటిపండు, సాయంత్రం కాఫీతో సరిపెట్టుకుని పనిచేస్తుంది.

"మళ్ళీ అదే అంకె గంగరత్నా. తగ్గలేదు. పెరగనూ లేదు."

"తక్కిన పదకొండు మందికీ నలభై రోజులకు కడిగేసినట్టు పోయింది మేడం."

"వాళ్ళు పట్నం మనుషులు. మీ అన్నయ్య చిన్నప్పటి నుంచీ సన్నకొమ్ము నమిలిన కాపరి. ఒంట్లో ఏ మూలో కాస్త నిలవుండి ఉంటుంది. దాని మీద మన చుక్క పడింది. గట్టిపడింది."

"వచ్చే వేసవిలో మనం ఇవ్వబోయేది కాపరుల ఊళ్ళకే కదా."

వకుళ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నడుస్తున్నాడు. పని చేసుకుంటున్నాడు. గుండె బాగుంది. తింటే అరుగుతోంది. ఫోనులో గంట పెట్టించాం కదా, అది మోగిన వేళకు తినమను. ఆకలి వేయకపోవడం జబ్బెలా అవుతుంది?"

గంగరత్న తన బల్ల దగ్గరికి పోయింది. కంప్యూటరు ముందు కూర్చుని, అంతకుముందు వందసార్లు చూసిన బొమ్మనే మళ్ళీ తెరిచింది. మెదడులో ఆకలి వచ్చే దారిలో ఒక తలుపు ఉంటుంది. సన్నకొమ్ము సారం ఆ తలుపుకు గొళ్ళెంలా పడుతుంది. పచ్చి కొమ్ము నమిలితే సగమే పడుతుంది, ఆకలి సన్నగా తెలుస్తూనే ఉంటుంది, సాయంత్రానికి వదులవుతుంది. నిబ్బరం చుక్క అయితే నలభై రోజులు బిగిసి ఉంటుంది. అన్నకు పడ్డ గొళ్ళెం ఎంత తిప్పి చూసినా ఎటువైపు నుంచి లాగాలో ఆమెకు కనబడలేదు.

మర్నాడు ఆదివారం మొదటి బస్సుకే కంపలకుంట పోయింది.

ఎర్రిస్వామి దొడ్డి ముందు బండ మీద కూర్చుని ఉన్నాడు. నిజంగానే పుల్లలా అయ్యాడు, చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది. చెల్లెల్ని చూసి నవ్వాడు. ఆ నవ్వులో కష్టమేమీ లేదు.

"రా పాపా. పొద్దన్నే వొచ్చినావే. అంతా బాగేనా?"

"బాగేనన్నా. నీకెట్లుంది?"

"నాకేం, బాగుండాది. నొప్పి ల్యా, బాధ ల్యా. గాలి కొట్టిన టూబు మాదిరి తేల్తాండా."

అతని కాళ్ళ దగ్గర గోనెపట్టా మీద ఒక గొర్రెపిల్ల పడుకుని ఉంది. పుట్టి నాలుగు రోజులై ఉంటుంది. గంగరత్న వంగి దాని పొట్ట మీద చెయ్యి పెట్టింది. పొట్ట వీపుకంటుకుని, చల్లగా ఉంది.

"ఇది సచ్చిపోయింది కదన్నా."

"ఔ. తెల్లార్నుంచీ అరిసింది. ఇప్పుడే నిలిపింది."

"పాలకు అరిసింటాది. తల్లి కాడికి ఇడచలేదా?"

ఎర్రిస్వామి కాసేపు ఆలోచించాడు. గుర్తు రాని పేరు కోసం వెతుక్కునేవాడిలా ఉంది ముఖం. "అరుస్తాంటే ఇనబడె పాపా. ఎందుకరుస్తాందో తెలీలా."

"ఇంతకుముందు తెలిసేది కదా?"

"తెలిసేదేముంది. అది అరిస్తే నా కడుపులో గుంజేది. లేసి పోయేవాణ్ణి."

అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. ఎర్రిస్వామి లేచి, చేతులు కడుక్కుని, కొట్టంలోకి పోయి కూర్చున్నాడు. మారెక్క సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టింది. గోనెసంచికి మట్టి ఎత్తినట్టు ముద్దలు ఎత్తి ఎత్తి మింగాడు. కారమెక్కువైందనలేదు, తక్కువైందనలేదు. లేచి మందను తోలుకుని పోయాడు.

మారెక్క పొయ్యి దగ్గరే కూర్చుని కంచం వైపు చూస్తోంది. సగం ముద్ద మిగిలే ఉంది.

"తిప్పక్క సెప్పిందా?" అంది.

గంగరత్న తల దించుకుంది.

"సెప్పనీలే. ముద్ద సేతిలో పట్టుకోని అట్లనే కూసుంటాడు. తినయ్యా అనల్ల. మల్లా తినయ్యా అనల్ల. మూడుసార్లు సెప్పినా మే. నాలుగోసారికి రోసమొచ్చి కుక్కకేసినా. ఓబుళమ్మ ఆ నాలుగోసారొక్కటే సూసింది."

గంగరత్నకు నవ్వొచ్చింది. మారెక్క నవ్వలేదు.

"తిండి మాట అట్లుండనీ. మందకు గడియారం మీయన్న కడుపే కదా మే. మొదటి ఆకలికి వంకకు తోలి నీళ్ళు తాపేవాడు. రొండో ఆకలికి ఈ వాలు ఇడిచి ఆ వాలుకు మలిపేవాడు. మూడో ఆకలికి ఇంటికి తిప్పేవాడు. ఇప్పుడు పొద్దన యాడ నిలబెడితే పొద్దు గూకేదంకా ఆడనే. గొర్లు మన్ను నాకుతాండాయి. తల్లుల పొదుగులు ఎండిపాయె. ఈ నెలకు ఇది ఐదో పిల్ల. ఫోను మోగితే ఆయప్ప తింటాడు. గొర్రెకు యాడ కట్టేది ఫోను?"

మేడం అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. వకుళకు ఎలా చెప్పాలో మాటలు పేర్చుకుంటూ గంగరత్న అడిగింది: "సన్నకొమ్ము ఎప్పట్నుంచి నములుతున్నాడు వదినా?"

"మీయన్నా? పాలు మరిచినప్పట్నుంచీ. మీ నాయన, మీ తాత, అందరూ. పొద్దన కొండెక్కేటప్పుడు సన్నకొమ్ము, దిగి వొచ్చినంక మొద్దుకొమ్ము. నీకు తెలీదా ఏంది. మీయమ్మ దొడ్డి కంప తీసే ముందర ఒగొగరి నోట్లో గోరంత తుంచి పెట్టేది. సేదుకు మొగం అష్టవంకరలు పెట్టి, రసం మింగి, పిప్పి ఉమ్మేస్తే గానీ కాళ్ళకు నీళ్ళిచ్చేది కాదు. మీయమ్మ పోయినంక నేను పెడతా వొచ్చినా."

"కొండదిష్టి పోతాదని పెట్టేది అమ్మ."

"దిష్టో ఏమో నాకు తెలీదు. పెట్టినంక ఇంత ఇంత ముద్దలు తినేవాళ్ళు."

గంగరత్న చేతిలోని నీళ్ళచెంబు కింద పెట్టేసింది.

"ఇప్పుడు పెట్టడం లేదా?"

మారెక్క ఆమె వంక తిరిగి చూసింది. కోపంగా కాదు, వింతగా. "యాడుంది మే పెట్టేకి? రొండేండ్ల కిందట సన్నకొమ్ము తోటలేసేకి మీవోళ్ళు వొచ్చి గుట్టంతా మొద్దుకొమ్ము పీకిచ్చిరి కదా. నేనూ పోయినా కూలికి. నీ బొమ్మల కాయితం సేతిలో పట్టుకోనే పీకినాం. ఎడమ పక్క బొమ్మ ఉంచల్ల, కుడిపక్క బొమ్మ పీకల్ల. శానా బాగ గీసినావు. ఒగటి గూడా తప్పలా."

ఆ కాగితం గంగరత్నకు బాగా గుర్తుంది. రెండు మొక్కలనూ పక్కపక్కన పెట్టి, లావు, పలకలు, పువ్వు, కాయ, గింజకున్న పట్టుకుచ్చు, అన్నీ పోల్చి పదిహేను రోజులు కూర్చుని గీసింది. పొల్లుపోకుండా ఉందని వకుళ అందరిలో మెచ్చుకుంది. దానికి చాలా ఏళ్ళ ముందు, గ్రంథం చిత్తుప్రతిలో ఒక పేజీ ఉండేది. దొడ్డి దగ్గర అమ్మ, మొద్దుకొమ్ము, ఉమ్మడం, అన్నీ రాసింది. పరీక్షకుల ముందు ఆ పేజీ చదువుతున్నట్టు ఊహించుకుంది. ఉమ్మించి దిష్టి తీసే కొండజాతి మందు అని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారనుకుంది. నిజానికి ఎవరూ నవ్వలేదు. ఎవరికీ నవ్వే అవకాశం రాకముందే తనే ఆ పేజీ తీసేసింది.

"వదినా," అంది, "గుట్ట మీద ఒక్కటైనా మిగిలుంటాదా?"

"నీ కాయితం పుణ్యమా అని కష్టమే. పదా, సూస్తాం."

జంగంగుట్ట పెద్దదేమీ కాదు, కాని మే నెల ఎండకు బండలు పెనంలా కాలుతున్నాయి. గంగరత్న పద్ధతిగా వెతికింది. పొద ఒకటి, బండసందు ఒకటి, వంగి చూసి, లేచి, ముందుకు. ఎటు చూసినా సన్నకొమ్ములే. కంచె వేసిన మళ్ళలో వరసలు వరసలుగా, తను గీసిన ఎడమపక్క బొమ్మ వేలసార్లు అచ్చేసినట్టు నిలబడి ఉన్నాయి. మారెక్క మాత్రం వంగనే లేదు. కొంగు నెత్తిన వేసుకుని, ముక్కు పైకెత్తి, గాలికి ఎదురుగా నింపాదిగా నడుస్తోంది.

"ఏం చూస్తాండావు వదినా?"

"ఈగల్ని."

మధ్యాహ్నం దాటాక ఉత్తరం వాలులో ఆగింది. బలుసుకంప కింద, రెండు బండలు ఆనుకున్న సందులో ఈగలు గుయ్యిమంటున్నాయి. మారెక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కంప పక్కకు నెట్టింది. నల్లెర్రని పూలబంతి, దాని కింద నాలుగు పలకల మొండికొమ్ములు. ఏడు.

"కాయితంలో కంపు రాసినావు గానీ ఈగల్ని రాయలా," అంది మారెక్క. "అందుకే ఇది బతికింది."

గంగరత్న పూలగుత్తితో, వేళ్ళతో నాలుగు కొమ్ములను పెళ్ళగించి తడిగుడ్డలో చుట్టింది. ఆమె లేచేసరికి మిగిలిన మూడింటినీ మారెక్క మొదలంటా తుంచి ఒడిలో వేసుకుంది. దుంప భూమిలోనే ఉంది.

"వదినా, పరీక్ష చేసేదాకా అన్నకు పెట్టొద్దు."

"మీ సుక్క పరీక్ష సేసే ఇస్తిరి కదా."

"అది వేరే..."

"మా యత్త నలభై ఏండ్లు పెట్టింది. ముగ్గురు మొగోళ్ళకు, దినామూ. అది పరీక్ష కాదా మే?"

గుట్ట దిగేదాకా గంగరత్న మళ్ళీ వద్దనలేదు.

ప్రయోగశాలలో రెండు కొమ్ముల రసాలనూ పక్కపక్క గొట్టాల్లో పోసి యంత్రానికి పెట్టింది. తెర మీద రెండు గీతలు లేచాయి. సన్నకొమ్ము గీతలో ఎత్తుగా లేచే శిఖరం ఆమెకు కంఠతా వచ్చు. మొద్దుకొమ్ము గీతలో దానికి కాస్త పక్కన ఇంకో శిఖరం ఉంది. ఇన్నేళ్ళూ కల్తీ అని చెరిపేస్తూ వచ్చినది ఇదే. బొమ్మగా మార్చి చూస్తే రెండూ ఒకే అచ్చు, ఒకే ఒంపు. మొద్దుకొమ్ము దానికి మాత్రం పక్కన ఒక కొక్కెం ఎక్కువ ఉంది. గొళ్ళెం పడ్డ చోటుకు దాన్ని తీసుకొచ్చి ఆనించింది. కొక్కెం గొళ్ళేనికి తగులుకుంది. రెండూ కలిసి ఊడి బయటికి వచ్చాయి.

బొమ్మ బొమ్మే. నిబ్బరం వేసిన ఎలుకలు గింజల పక్కనే కూర్చుని మీసాలు దువ్వుకుంటున్నాయి. వాటికి మొద్దుకొమ్ము రసం పట్టించింది. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒక ఎలుక లేచి, గింజను వాసన చూసి, రెండు చేతులా పట్టుకుని కొరికింది. గంగరత్న ఆ కొరుకుడు శబ్దం వింటూ చాలాసేపు నిలబడిపోయింది.

ఇంటికి పోయి అటక మీది చిత్తుప్రతుల కట్టలోంచి పాత పేజీ వెతికి తెచ్చి వకుళ బల్ల మీద పెట్టింది. వకుళ రెండుసార్లు చదివింది.

"ఇది గ్రంథంలో లేదే?"

"నేనే తీసేశాను మేడం."

"ఎందుకు?"

"నవ్వుతారని."

వకుళ నవ్వలేదు. "పచ్చి సన్నకొమ్ము ప్రతిరోజూ కాస్త కాస్త మిగిల్చిపోతుంది. దాన్ని సాయంత్రం మొద్దుకొమ్ము ఊడ్చేసేది. ఊడ్చేదాన్ని మనం పీకించేశాం. రెండేళ్ళుగా ఆ గుట్టల్లో ప్రతి కాపరి ఒంట్లో అది పేరుకుంటోంది." ఆమె పేజీని బల్ల మీద పెట్టింది. "ఇది తెలియక వచ్చే వేసవిలో చుక్క వేసి ఉంటే నలభై ఊళ్ళు..."

"మా అన్నలా అయ్యేవి."

"మీ అన్నయ్యకు తగ్గుతుందా?"

"తెలియదు మేడం. ఎలుక బరువు పావు కిలో. అన్న ముప్పై ఏళ్ళుగా నమిలాడు."

ఆ వారమంతా గంగరత్న ఊరికి ఫోను చేసింది. మారెక్క రోజూ ఒకటే మాట చెప్పింది: పొద్దుగూకే వేళ దొడ్డి కంప తీసే ముందు గోరంత పెడుతోంది, ఆయన మొహం కూడా వంకర పెట్టడం లేదు, చేదు తెలుస్తున్నట్టే లేదు. ఎనిమిదో రోజున మాత్రం ఉమ్మేశాక, "ఏంది మే ఇంత సేదుండాది," అన్నాడట. తర్వాత మళ్ళీ మామూలే.

పదిహేనో రోజు ఆదివారం వచ్చింది. గంగరత్న ఊళ్ళో దిగేసరికి మారెక్క గుమ్మంలో రాగులు చెరుగుతోంది.

"ఐపాయె మే," అంది తలెత్తకుండా. "మూడు కొమ్ములూ మొన్నటికి ఐపాయె. గుట్టమింద దుంప ఇంగా సిగురెయ్యలా."

"ప్రయోగశాలలో నాలుగు నాటినాం వదినా. అవి పెరిగినాక..."

"అంతదంకా మంద ఉంటే కదా."

మారెక్క చేట పక్కన పెట్టి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఫోను మోగే వేళకు ఇంకా రెండు గంటలుందని మళ్ళీ వచ్చి కూర్చుంది. ఎండ గుమ్మం దాటి లోపలికి వస్తోంది. అప్పుడు వీధి చివర గంటల చప్పుడు వినబడింది. గొర్రెల గంటలే. రావలసిన వేళ కాదు అది. మంద దుమ్ము లేపుకుంటూ నీళ్ళతొట్టి మీద పడింది. వెనక కట్టె ఆనుకుంటూ ఎర్రిస్వామి వచ్చాడు. మొహం చిట్లించుకుని ఉన్నాడు. చెల్లెలిని చూసి కూడా పలకరించలేదు.

"ఏమే," అన్నాడు కొట్టంలోకి తొంగి చూసి. "ఇంగా ఎసరే కాగలా? సంగటి ఎప్పుడు దించుతావు, నేను సచ్చినంకనా?"

మారెక్క లేచి నిలబడింది. చేతిలో సంగటి గెలికే కట్టె.

"ఏమంటివి?"

"సెవుడా నీకు? ఆకలవుతాందంటి. కడుపు కాలుతాంటే నిలబడి సూస్తాదేమి ఇది. మద్యాన్నానికే తెల్లవారినట్లు సేస్తాంది. పొద్దన్నుంచీ రాగులు సెరుగుతా కూసుంటే మనిషి తినేదేంది, రాళ్ళా?"

ఆమె పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఇన్ని తిట్లు ఒక్క ఊపిరిన తిన్నది ఎప్పుడూ లేదు. అలాగే కింద కూలబడి, కట్టె ఒళ్ళో పెట్టుకుని, కొంగులో మొహం దాచుకుంది. ఎర్రిస్వామి గాబరాపడి చెల్లెలి వైపు తిరిగాడు.

"నేనేమంటిని పాపా ఇప్పుడు? అన్నం అడిగినా, అంతే కదా."

"అంతేనన్నా," అంది గంగరత్న. ఎసట్లో పిండి పోసి తనే సంగటి గెలికింది. అడుగంటింది, ఉండలు కట్టింది. చదువు మీద పడి ఎప్పుడూ సరిగ్గా నేర్చుకోని పని అది. ఎర్రిస్వామి మొదటి ముద్దకే ఉప్పు లేదన్నాడు. మూడు ముద్దలు తిన్నాడు. నాలుగోది పెట్టించుకుని సగంలో లేచాడు. దొడ్డిలో ఒక పిల్ల అరుస్తోంది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే పోయి దాన్ని ఎత్తి తల్లి పొదుగు కింద నిలబెట్టాడు.

ఇంకో రెండు వారాలకు డాక్టర్ వకుళ స్వయంగా కంపలకుంట వచ్చింది. ఎర్రిస్వామి నాడి పట్టి చూసింది, బరువు తూచింది, రక్తం తీయించింది. మనసారా సంతోషించింది. మారెక్క పెట్టిన సంగటి కూడా రెండు ముద్దలు తిన్నది. గంగరత్న ఆమెను అలా తినగా చూడటం అదే మొదలు. చుట్టుపక్కల కాపరులు, ఆడవాళ్ళు వచ్చి అరుగు ముందు కూర్చున్నారు. వకుళ సంచిలోంచి రెండు చిన్న సీసాలు తీసి అరుగు మీద పక్కపక్కన పెట్టింది. ఒకదాని మూత తెలుపు, ఇంకోదాని మూత నలుపు.

"తప్పు జరిగింది," అంది అందరికీ వినబడేటట్టు. "దాచుకోను. ఒక మొక్కను చూశాం, దాని తోబుట్టువును చూడలేదు. మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలిసినది మాకు తెలియలేదు. గంగరత్న వల్ల ఇప్పుడు తెలిసింది. ఈ తెల్లమూత సన్నకొమ్ము, ఆకలిని ఆపుతుంది. ఈ నల్లమూత మొద్దుకొమ్ము, మళ్ళీ తెస్తుంది. ఇక భయం లేదు. కరువు నెలల్లో ఇది, వాన పడి చేతికి గింజ వచ్చాక ఇది."

కాపరులు తలలాడించారు. వినడానికి బాగానే ఉంది. గంగరత్నకు కూడా వినడానికి బాగానే ఉంది. ఎక్కడో ఏదో గుచ్చుకుంటోంది, అదేమిటో ఇంకా దొరకలేదు.

మారెక్క గుమ్మానికి ఆనుకుని నిలబడి అడిగింది. "మేడమ్, మా గుట్టమింద పీకిన మొద్దుకొమ్ము మల్లా నాటిస్తారా?"

"ఇక్కడ వద్దమ్మా," అంది వకుళ నెమ్మదిగా, పిల్లకు చెప్పినట్టు. "గుట్ట మీదుంటే ఎవరికి తోచినప్పుడు వాళ్ళు నమిలేస్తారు. ఒకరికి చుక్క పనిచేస్తుంది, ఇంకొకరికి చేయదు. మా తోటలో కంచె వేసి పెంచుతున్నాం. ఎప్పుడు వేయాలో చూసి, నల్లమూత సీసా మేమే తెస్తాం. మీరు వరసలో వచ్చి నాలుక చాపితే చాలు."

"అట్లనా," అంది మారెక్క. రెండు సీసాల వంకా చూసింది. తర్వాత గంగరత్న వంక చూసింది. "మా అవ్వ కరువులో గంజికోసరం సత్తుగిన్నె పట్టుకోని వరసలో నిలబడిందంట. మేము ఆకలికోసరం నిలబడల్లనా?"